అత్తయ్య ట్రంకుపెట్టెల్లో పాత పత్రికలు: ఉంచుకోవాలా, పాత పేపరు కొట్లో వేయాలా?

వేళచ్చేరి_వాణి
వచ్చే నెల చెన్నైలోనే ఇల్లు మారుతున్నాం. ఇప్పుడున్న ఇంటికన్నా పెరుంగుడి ఫ్లాటు బాగా చిన్నది. సామానంతా ఏదో ఒక లెక్కకొచ్చింది గానీ మా అత్తయ్య ట్రంకుపెట్టెలు రెండూ ఎటూ తేలడం లేదు. నిండా పత్రికలే. చందమామలు, యువ దీపావళి సంచికలు, ఆంధ్రప్రభ వీక్లీలు, విజయచిత్రలు, కొన్ని విపులలు, చతురలు. ఇవి కాక, వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు తీసి బైండు చేయించిన పుస్తకాలు పన్నెండు.

మా ఆయన "అన్నీ నెట్‌లో ఉన్నాయి, పాత పేపరు కొట్లో వేసేద్దాం" అంటారు. అత్తయ్యని అడిగితే "మీ ఇష్టం అమ్మా" అన్నారు. నాకు ఆ మాట దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. పచ్చిమిరపకాయలు ఎక్కడ కొనాలన్నదాని మీద కూడా గట్టి అభిప్రాయం ఉన్న మనిషి ఆవిడ.

ఇంకొకటి. మా పాపకి తొమ్మిదేళ్లు. పెట్టె సర్దుతుంటే ఒక చందమామ పట్టుకుని నానమ్మ పక్కన చేరింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అయినా గంటన్నర లేవలేదు. ట్యాబ్ ఆ పక్కనే ఉంది, ముట్టుకోలేదు.

అందుకే అడుగుతున్నా. ఇవి ఏం చేయాలి? పాప కోసం ఇప్పుడు చందా కట్టదగ్గ పత్రిక ఏదైనా వస్తోందా?

క్లౌడ్_కిరణ్
మీ ఆయన చెప్పింది సరైన మాటే అండీ. చందమామ పాత సంచికల స్కాన్లు నెట్‌లో బోలెడు ఉన్నాయి. భారతి, ఆంధ్రపత్రిక లాంటివి ప్రెస్ అకాడమీ వాళ్లు ఎప్పుడో డిజిటైజ్ చేశారు. అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో పట్టేస్తాయి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు చదరపు అడుగు ధర మీకు తెలియంది కాదు. రెండు ట్రంకులు అంటే ఒక మనిషి పడుకునే చోటు.

సూళ్లూరుపేట_సుబ్బు
ఆ చోట్లో పడుకున్న మనిషి చేతికి చందమామ ఇస్తే ఇంకా బాగుంటుంది కదా కిరణ్‌గారూ.

మాంబళం_మూర్తి
వాణిగారూ, దయచేసి ఒక్కటి కూడా వేయకండి. తొందరపడి వేసి, తర్వాత మైలాపూర్ లజ్ కార్నర్‌లో పాత పుస్తకాలు అమ్మే పేవ్‌మెంట్ మీద వాటికోసమే వెతికినవాళ్లు నాకు తెలుసు.

మీరున్న ఊరు ఏ ఊరో ఒకసారి గుర్తు చేసుకోండి. తెలుగు పత్రికలకి చాలాకాలం రాజధాని మద్రాసే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టి, 1914లో దాన్ని ఇక్కడ దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టారు. అమృతాంజనం అమ్మిన డబ్బు సాహిత్యానికి ఖర్చుపెట్టిన మనిషి. మైలాపూర్‌లో నాగేశ్వరరావు పార్కులో రోజూ నడిచేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు? డాక్టర్ కేసరిగారు గృహలక్ష్మి నడిపింది ఇక్కడే. ఆడవాళ్ల కోసం, వాళ్ల చేత రాయించి, 1928లో మొదలైన పత్రిక అది. ఇక చందమామ సంగతి చెప్పాలా? 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు తెలుగు, తమిళం రెండింట్లోనూ కలిపి మొదలుపెట్టారు.

మాది అప్పట్లో వడపళని. చందమామ ప్రెస్సు దాటుకుంటూ బడికి వెళ్లేవాణ్ణి. లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు, గేటు దగ్గర నిలబడితే సిరా వాసన వచ్చేది. సంచిక కొత్తగా ఇంటికొచ్చిన రోజు మా అన్నదమ్ములం నలుగురం, ముందు ఎవరికి అన్నదాని మీద కొట్టుకునేవాళ్లం. చివరికి నాన్న ఒక పద్ధతి పెట్టారు. ఆయన గట్టిగా చదువుతారు, మేం నలుగురం వినాలి. బొమ్మలు చూడటానికి మాత్రం వంతులు. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. బేతాళ కథ ఏది తీసినా నాన్న గొంతులోనే వినిపిస్తుంది. అది మీ హార్డ్ డిస్క్‌లో పడుతుందా కిరణ్‌గారూ, చెప్పండి.

క్లౌడ్_కిరణ్
మూర్తిగారూ, మీరు చెప్పింది మీ నాన్నగారి గురించి. నేను మాట్లాడుతున్నది కాగితం గురించి. ఆ రెండూ కలిసిపోవడం వల్లే ఇలాంటి చర్చ ఎప్పుడూ తేలదు.

నా వైపు నుంచి కూడా చూడండి. మా అక్క డాలస్‌లో ఉంటుంది. వాళ్ల పిల్లలకి తెలుగు కథలు దొరికింది స్కాన్ల వల్లే. ఈమాట అనే వెబ్ పత్రిక 1998లో నెట్‌లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మరి కాగితం మీద వచ్చినవి? 1978లో మొదలైన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. చందమామ ఆగి పదేళ్లు దాటింది. నిలబడింది ఏది, పోయింది ఏది? నేను తెలుగుని ప్రేమించేవాణ్ణే. అందుకే అది అందరికీ అందాలంటున్నా.

పెరంబూర్_పద్మ
కిరణ్ చెప్పింది కాదనలేను. మా అబ్బాయి కూడా ఇవే మాటలంటాడు. కానీ ఒక్కటి చెప్తాను.

మాది రైల్వే క్వార్టర్స్. శనివారం సాయంత్రం సైకిల్ మీద సర్క్యులేటింగ్ లైబ్రరీ అబ్బాయి వచ్చేవాడు. హ్యాండిల్‌కి రెండు వైపులా గుడ్డ సంచులు, వాటిల్లో తెలుగు వీక్లీలు, తమిళ వీక్లీలు, ఇంగ్లీషువి. ఒక్కో పుస్తకం ఇంట్లో రెండు రోజులే ఉంచుకోవాలి. ఒకే కాపీ వరసగా ఆరు ఇళ్లు తిరిగేది. మా ఇంటికొచ్చేసరికి పక్కింటి వాళ్లు పదవినోదం సగం పూరించి ఉండేవాళ్లు. మేం మిగతాది పూరించేవాళ్లం. తప్పు రాస్తే ఆ తర్వాతి ఇంటివాళ్లు కొట్టేసి సరైనది రాసేవాళ్లు. సీరియల్ పేజీ మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో "వీడు మోసం చేస్తాడు చూడండి" అని రాసి ఉండేది. ఎవరు రాశారో కనిపెట్టడం మాకు ఇంకో సీరియల్.

ఆ ఆరు ఇళ్లలో ఒకటి తమిళులది, ఒకటి మలయాళీలది. ఆ మలయాళీ ఆంటీ మా దగ్గర తెలుగు నేర్చుకున్నదే విజయచిత్ర ఫోటోల కింద రాసిన మాటలు చదవడానికి. లింకు పంపిస్తే ఎవరికి వాళ్లు తమ ఫోన్లో చదువుకుంటారు, అంతే. ఒకే పుస్తకం చేతులు మారడం వేరు.

సూళ్లూరుపేట_సుబ్బు
ఆ పెన్సిల్ ఎవరిదో తేలిందా పద్మగారూ?

పెరంబూర్_పద్మ
తేలింది. మా నాన్నగారే. నా పెళ్లయ్యాక ఒప్పుకున్నారు.

ఆఫ్‌సెట్_రవి
ముప్పై ఏళ్లు ప్రెస్సులో పనిచేశాను. రాయపేటలో మొదలుపెట్టి తర్వాత గిండీ. కాబట్టి కాగితం తరఫున నేను మాట్లాడతా.

పత్రికకి పేజీలు ఇష్టమొచ్చినన్ని పెట్టలేం. పెద్ద షీటు మీద రెండు వైపులా అచ్చేసి మడిస్తే ఫారం అవుతుంది. పదహారు పేజీలు ఒక ఫారం అనుకోండి. మధ్యలో పిన్ను కొట్టే పత్రికకి పేజీలు నాలుగు చొప్పునే పెరగాలి, నాలుగు చొప్పునే తగ్గాలి. ఒక్క పేజీ ఎక్కువైతే ఎవరి కథో కుదించాల్సిందే. అర పేజీ తక్కువైతే అక్కడ ఒక చిన్న జోకో, సూక్తో, నాలుగు లైన్ల కవితో పడుతుంది. మీరంతా చిన్నప్పుడు కథకన్నా ముందు చదివిన ఆ చిన్న జోకులు అలా ఖాళీ నింపడానికి పుట్టినవే. కొలత ఉంది కాబట్టి ఎవరో కూర్చుని ఎంచాలి. ఏది ఉండాలి, ఏది తీసేయాలి, ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా రావాలి. ఫోన్లో అడుగు ఉండదు, ఎంత తోడినా వస్తూనే ఉంటుంది. పత్రికకి ఆఖరి పేజీ ఉంటుంది. చదివి మూసేశాక మనసుకి ఒక నిండుతనం వస్తుంది. నేను ఇప్పటికీ పత్రిక చేతిలోకి తీసుకునేది దానికోసమే.

పాత చందమామల్లో రంగు గీత దాటి పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది చూడండి. ఒక్కో రంగుకి ఒక్కో బ్లాకు (అచ్చు దిమ్మ), ఒక్కో రంగూ విడిగా అచ్చు. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఎర్ర చీర అంచు బయటికి వచ్చేస్తుంది. ఆ జరుగుబాటుని రోజంతా నిలబడి సరిచేసే మనిషి ఒకడు ఉండేవాడు. స్కాన్ చేసేవాళ్లు దాన్ని మరక అనుకుని శుభ్రం చేసేస్తున్నారు. నాకు కడుపులో దేవినట్టవుతుంది.

నీలిసిరా
రవిగారూ, ఈ పోస్టు నేను ప్రింటు తీసి గోడకి అంటించుకుంటున్నా. నిజంగా.

క్లౌడ్_కిరణ్
ఆఖరి పేజీ మాట మాత్రం నన్ను తాకింది. ఒప్పుకుంటా. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ, ఏం చదివానో గుర్తులేని రోజులు నాకూ ఉన్నాయి.

గ్రంథాలయం_గీత
లైబ్రరీలో పని చేస్తాను, కాబట్టి "నెట్‌లో అన్నీ ఉన్నాయి" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి.

చందమామని 2007లో ఒక కంపెనీ కొన్నది. పాత సంచికలు తమ సైట్లోనే పెట్టారు, చాలా సంతోషించాం. తర్వాత పత్రికా ఆగింది, సైటూ పోయింది. ఈరోజు దొరుకుతున్నవి చాలావరకు అభిమానులు అప్పట్లో దింపి దాచుకున్నవీ, సొంతంగా స్కాన్ చేసినవీ. అవి కూడా ఎవరో ఒకరు తమ ట్రంకుపెట్టె వదలకుండా ఉంచుకున్నందువల్లే సాధ్యమయ్యాయి. స్కాన్‌కి కూడా ముందు కాగితం ఉండాలి కదా.

పైగా చందమామకి ఉన్న అదృష్టం అన్నిటికీ లేదు. 1960లలో, 70లలో వచ్చిన వారపత్రికల పూర్తి సెట్లు చాలా తక్కువచోట్ల ఉన్నాయి. స్కాన్ చేసినవాళ్లు కూడా తరచుగా కథలు మాత్రమే చేసి ప్రకటనలు, ఉత్తరాలు, అట్ట వెనక వైపు వదిలేశారు. నాకు వాటిమీదే ఎక్కువ ఆశ. ఏ ఏడాది ఏ సబ్బుకి ఎంత ధర, ఏ ఊరి పాఠకులు ఏ కథ గురించి గొడవపడ్డారు, మిక్సీ మన వంటింట్లోకి ఎప్పుడొచ్చింది. ఇవి చరిత్ర పుస్తకంలో దొరకవు.

వాణిగారూ, మీ బైండు పుస్తకాలు అసలు వదలకండి. ఆ సీరియల్స్‌లో పుస్తకంగా రానివి కొన్ని ఉండొచ్చు. అలాంటివి ఇలాంటి బైండుల్లో తప్ప బతికి ఉండవు.

సైదాపేట_సత్య
గీతగారి పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. 2015 డిసెంబరు వరదలో మా కింది గది మొత్తం మునిగింది. అడయారు నీళ్లు నడుము దాకా. నా స్పోర్ట్‌స్టార్ క్రీడా పత్రికలు పోయాయి. 1983 ప్రపంచ కప్పు నుంచి దాచుకున్నవి. మధ్య పేజీ పోస్టర్లు గోడకి అంటించకుండా, పిన్ను కూడా విప్పకుండా దాచాను. నీళ్లు తీశాక చూస్తే ఒక్కో కట్టా ఇటుకలా అయిపోయింది. ఎండలో పెట్టాం. పేజీ విడదీయబోతే బొమ్మ పక్క పేజీకి అంటుకుని ఊడి వచ్చేసింది.

విచిత్రం ఏమిటంటే, అదే అలమరలో ఉన్న మా అమ్మ వారపత్రికలు, ముతక కాగితంవి, ఆరి మళ్లీ చదవడానికి వచ్చాయి. ఎందుకలా జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

గ్రంథాలయం_గీత
సత్యగారూ, చదువుతుంటే బాధగా ఉంది.

నున్నటి కాగితం మీద మెత్తటి మట్టిలాంటి పూత ఉంటుంది. తడిస్తే అది జిగురవుతుంది, ఆరేటప్పుడు పక్క పేజీని పట్టేసుకుంటుంది. అలాంటివి తడిగా ఉన్నప్పుడే పేజీకి పేజీకి మధ్య మైనపు కాగితం పెట్టాలి. అంత సమయం లేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకడితే అంటుకోవడం ఆగుతుంది, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ముతక న్యూస్‌ప్రింట్‌కి పూత లేదు, అందుకే విడివడింది. అయితే దానికి వేరే జబ్బు ఉంది. చెక్క గుజ్జులోని లిగ్నిన్ తీయకుండా చేస్తారు కాబట్టి వెలుతురు, గాలి తగిలి పసుపై పెళుసు బారుతుంది. పాత పుస్తకాల్లో వెనిల్లా లాంటి వాసన వస్తుంది చూశారా, అది కూడా ఆ లిగ్నిన్ విరగడం వల్ల వచ్చేదే.

వాణిగారి ట్రంకులకి కూడా కొన్ని మాటలు చెప్తాను. పాలిథీన్ కవర్లో మూసిపెట్టకండి. చెన్నై చెమటకి లోపల బూజు పడుతుంది. ఉతికిన పాత నూలు చీర చుట్టండి. పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, సముద్రపు గాలి కదా. మెల్లగా తీసేసి, ఆ రంధ్రాల్లోంచే దారంతో కుట్టండి. వసకొమ్ము ముక్కలు మూలల్లో వేయండి. ట్రంకు నేల మీద పెట్టొద్దు, రెండు ఇటుకల మీద పెట్టండి. పెరుంగుడి అంటే పల్లం, ఆ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

వేళచ్చేరి_వాణి
గీతగారూ, అత్తయ్యకి చదివి వినిపించాను. "వసకొమ్ము నేను ఎప్పట్నించో వేస్తున్నాను, పెట్టె తెరిచినప్పుడు నీకు వాసన రాలేదా" అన్నారు. మూడు రోజుల తర్వాత ఆవిడ గొంతులో ప్రాణం వినిపించింది.

కోలార్_కుర్రాడు
బెంగళూరు నుంచి రాస్తున్నా. ఇక్కడ చర్చ్ స్ట్రీట్‌లో ఆదివారం పాత పుస్తకాల కొట్లలో కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అవెన్యూ రోడ్డులో కూడా. పాత టింకిల్ (పిల్లల ఇంగ్లీషు బొమ్మల పత్రిక) ఒకటి దొరికితే ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు నువ్వంటే నువ్వని తీసుకోవడం నేను చూశాను. కాబట్టి ముసలివాళ్ల జ్ఞాపకం మాత్రమే అనుకోనక్కర్లేదు.

పాప గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి చూడండి, పిల్లలకి సైన్సు. మా అమ్మాయి అందులో చూసి నిమ్మకాయతో బల్బు వెలిగిస్తానని వంటింట్లో నిమ్మకాయలన్నీ అవగొట్టింది. అనంతపురం జిల్లా నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి కూడా చూడండి. అందులో ఊరి బడి పిల్లలే రాసిన కథలు, వాళ్లే వేసిన బొమ్మలు. మా అమ్మాయి వాటిని చదివాక "నేనూ పంపొచ్చా" అని అడిగింది. ఏ వీడియో చూశాక కూడా ఆ మాట అనలేదు. తెలుగు కూడబలుక్కునే పిల్లలకి పెద్ద అక్షరాలున్నవి ముందు ఇవ్వండి.

మాంబళం_మూర్తి
బొమ్మల మాట వచ్చింది కాబట్టి. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, చిత్రాగారి రాక్షసులు, శంకర్‌గారి బేతాళుడు. శంకర్‌గారు ఈ ఊళ్లోనే ఉండి 2020లో, 97వ ఏట వెళ్లిపోయారు. భుజాన శవం, చేతిలో కత్తి ఉన్న ఆ విక్రమార్కుణ్ణి గీసిన చెయ్యి ఆయనదే. కొడవటిగంటి కుటుంబరావుగారు 1980లో పోయేదాకా ఆ పత్రికలో ప్రతి వాక్యాన్నీ పిల్లాడికి అర్థమయ్యేలా దిద్దారు. వాణిగారి పాప కూడబలుక్కుంటూ కూడా గంటన్నర కూర్చోగలిగిందంటే అది ఆ వాక్యం చలవ. కష్టమైన మాట ఒక్కటి వస్తే పక్కనే తేలిక మాటలు నాలుగు ఉంటాయి.

క్లౌడ్_కిరణ్
సరే, పాతవి దాచుకోవడం మీద నేను తగ్గుతున్నాను. కానీ కొత్త పత్రిక కాగితం మీద పెట్టడం మాత్రం తెలిసి తెలిసి నష్టపోవడమే కదా? ఆఖరి రోజుల్లో కొన్ని వీక్లీలు కూడా ఎలా ఉన్నాయో మనం చూశాం. సగం ప్రకటనలు, సగం వంటలు, జాతకాలు. పాఠకులు వదిలేశారంటే ఊరికే వదల్లేదు.

ఆఫ్‌సెట్_రవి
నిజమే, నాణ్యత పడిపోయింది. నేనే అచ్చేశాను కాబట్టి చెప్తున్నా. 1990ల చివర్లో సాయంత్రం సీరియల్ టీవీకి వెళ్లిపోయింది. తర్వాత ప్రకటనలు ఫోన్‌కి వెళ్లాయి. కాగితం ధర సంగతి వేరే. 2019 బడ్జెట్లో న్యూస్‌ప్రింట్ మీద పది శాతం దిగుమతి సుంకం వేశారు, మరుసటి ఏడాది ఐదుకి తగ్గించారు. ఆ వెంటనే లాక్‌డౌన్. పేపరు ముట్టుకుంటే కరోనా వస్తుందన్న భయంతో ఇళ్లవాళ్లు పేపరబ్బాయిని గేటు దగ్గరే ఆపేశారు. రైళ్లు లేవు, స్టేషన్ స్టాళ్లు మూత. అప్పుడు ఆగిన పత్రికలు చాలావరకు మళ్లీ లేవలేదు. జనానికి కాగితం విసుగొచ్చి పోయినవి తక్కువ, నడిపించే దారి మూసుకుపోయి పోయినవి ఎక్కువ.

నీలిసిరా
కిరణ్‌గారూ, ఆ నష్టం చేస్తున్నవాళ్లలో నేనొకదాన్ని.

డిజైన్ చదువుకున్నా, ముగ్గురు స్నేహితురాళ్లం కలిసి ఒక చిన్న పత్రిక వేస్తున్నాం. మూడు నెలలకోసారి, ముప్పై రెండు పేజీలు, మూడు వందల కాపీలు. కథలు, చెన్నైలో తెలుగు వీధుల గురించి వ్యాసాలు, లినో కట్ (లినోలియం పలక చెక్కి అచ్చేసే) బొమ్మలు. సగం కాపీలు చేతుల మీద అమ్ముతాం, మిగతావి పోస్టులో. కష్టం ఎక్కడో చెప్తాను. రాయడం కాదు, అచ్చు కాదు, పంపడం. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తక్కువలో అయ్యేది, 2024 డిసెంబరులో దాన్ని ఆపేశారు. ఇప్పుడు కొన్ని ఊళ్లకి పంపే ఖర్చు పత్రిక ధరకి దగ్గరగా ఉంటోంది.

అయినా ఎందుకంటే, మొదటి సంచిక నెట్‌లోనే పెట్టాం. బాగానే చూశారు, లైకులు వచ్చాయి, నాలుగో రోజుకి ఎవరికీ గుర్తులేదు. రెండోది కాగితం మీద వేశాం. నాలుగు నెలల తర్వాత నెల్లూరు నుంచి ఒక పెద్దాయన ఇన్‌ల్యాండ్ లెటర్ రాశారు. పదకొండో పేజీలో ఒక మాట తప్పు వాడామని, ఆ మాటకి వాళ్ల ఊళ్లో అసలు అర్థం ఇదీ అని. నాలుగు నెలలు ఆ పత్రిక ఆయన మంచం పక్కనే ఉంది! ఆ ఉత్తరం ఆ తర్వాతి సంచికలో వేశాం.

బయట కూడా కాగితం మళ్లీ వస్తోంది. 2018లో వారపత్రిక ఆపేసిన ఎన్‌ఎంఈ అనే ఇంగ్లండ్ సంగీత పత్రిక 2023లో మళ్లీ అచ్చుకొచ్చింది. అమెరికాలో ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక 2024లో కాగితం మీదకి తిరిగొచ్చింది. వెనకటంత పెద్ద ఎత్తున కాదు, కోరుకున్నవాళ్ల కోసం. మేం కూడా లక్షల కాపీలు అడగడం లేదు. మూడు వందలమంది చాలు.

సైదాపేట_సత్య
చందా ఎంతో చెప్పండి. నా పేరు రాసుకోండి.

పెరంబూర్_పద్మ
నాదీ. రెండు కాపీలు. ఒకటి ఆ మలయాళీ ఆంటీకి, ఇప్పుడు కొల్లంలో ఉంటారు.

క్లౌడ్_కిరణ్
నాకూ ఒకటి. పీడీఎఫ్ వద్దు, కాగితమే పంపండి.

సూళ్లూరుపేట_సుబ్బు
ఈ రోజు కిరణ్‌గారింట్లో పాయసం చేయాలి.

గూడూరు_శీను
మొదట్నించీ చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆలోచించి ఇప్పుడు రాస్తున్నా. వాణిగారూ, మీ ట్రంకులో ఆంధ్రప్రభ వీక్లీలు అన్నారు. 1970లవి ఉన్నాయా?

మా అమ్మ ఉత్తరం ఒకటి అందులో పడింది. 1976 గానీ 77 గానీ. అప్పుడు మేం గూడూరులో ఉండేవాళ్లం. అమ్మ ఎనిమిదో తరగతి దాకానే చదివింది. ఒక సీరియల్‌లో నాయిక పెళ్లయ్యాక టీచరు ఉద్యోగం మానేస్తుంది. అది తప్పని అమ్మ కార్డు రాసింది. పడుతుందని ఎవరమూ అనుకోలేదు. పడింది. నాన్న నాలుగు కాపీలు కొన్నారు, నాలుగూ చుట్టాలు పట్టుకుపోయారు. అమ్మ పోయి పదకొండేళ్లు. పాత పుస్తకాలు దొరికే మూర్ మార్కెట్ కాలిపోయాక వచ్చిన లిల్లీ పాండ్ కాంప్లెక్స్, లజ్, ట్రిప్లికేన్ అన్నీ వెతికాను. నెట్‌లో కూడా ఆ ఏళ్లవి కొన్ని సంచికలే కనపడ్డాయి, వాటిలో లేదు.

వేళచ్చేరి_వాణి
శీనుగారూ, ఉన్నాయి. ఈ రాత్రే చూస్తాను.

వేళచ్చేరి_వాణి
76, 77 రెండేళ్లవి ముప్పై నాలుగు సంచికలు ఉన్నాయి. ఉత్తరాల పేజీ అన్నిట్లోనూ చూశాం, నేనూ పాపా. గూడూరు నుంచి ఏదీ లేదు. పైగా అయిదారింట్లో ఆ పేజీయే లేదు, కత్తిరించేశారు. క్షమించండి.

గూడూరు_శీను
వెతికారు, అదే చాలండీ. ఎవరో ఒకరు వెతికారు.

గ్రంథాలయం_గీత
వాణిగారూ ఆగండి. కత్తిరించిన పేజీలు ఎక్కడికి పోయాయి? మీ అత్తగారు సీరియల్స్ బైండు చేయించారు కదా. సీరియల్ పేజీ వెనక ఏముందో చూడండి.

ఆఫ్‌సెట్_రవి
అవును! ఒక కాగితానికి రెండు వైపులు. సీరియల్ చివరి పేజీ వెనక ఉత్తరాలు రావడం మామూలే.

వేళచ్చేరి_వాణి
ఉదయం నాలుగున్నర. నిద్రపోలేదు.

పన్నెండు బైండ్లలో ఏది అని అత్తయ్యని అడిగాను. "టీచరు ఉద్యోగం మానేసేదా? అది ఆకుపచ్చ అట్ట" అన్నారు, పుస్తకం చూడకుండానే. ఆకుపచ్చ అట్ట తీశాం. ఇరవై మూడో భాగం ఆఖరి పేజీ తిప్పితే ఉత్తరాలు. పైనుంచి మూడోది. బైండు చేసేవాడు అంచు కోసినప్పుడు రాసినవారి పేరు పోయింది, "గూడూరు" మాత్రం మిగిలింది. ఉత్తరం మొత్తం ఉంది, తొమ్మిది లైన్లు. మొదటి లైను ఇదీ: "ఆ అమ్మాయి పాఠం చెప్పే గొంతు ఆ ఇంట్లో ఎవరికీ వినపడలేదా?"

ఇది మీ అమ్మగారిదేనా శీనుగారూ?

గూడూరు_శీను
అమ్మదే.

వేళచ్చేరి_వాణి
ఫోటో తీసి పంపుతాను. కానీ మీరు ఒకసారి ఇంటికి రండి, కాగితం చూసుకోండి. అత్తయ్య కూడా రమ్మంటున్నారు. ఆ వారం ఉత్తరం తను చదివిందట. చదివి, ఇదెవరో గానీ నా మాటే రాసిందని అప్పుడు మామయ్యగారితో అన్నదట.

ట్రంకులు రెండూ పెరుంగుడికి వస్తున్నాయి. మా ఆయన పొద్దున్నే టేపు పట్టుకుని మంచం కింద కొలుస్తున్నారు.

సూళ్లూరుపేట_సుబ్బు
ఇటుకలు మర్చిపోకండి. నాలుగు కావాలి, నేను తెస్తా.